గుంత కనబడకముందే వేగం తగ్గించాలి: వరంగల్ చుట్టుపక్కల పాడైన రోడ్ల మీద బండి నడపడం

గుంతలు ఎక్కడపడితే అక్కడ పడవు. నీళ్లు ఆగేచోట, బరువు పడేచోట డాంబరు లేస్తుంది. ములుగు, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్, ఏ దారి పట్టుకున్నా ఇదే లెక్క. ఆ చోట్లను గుర్తుపట్టడం వస్తే గుంత కంటబడకముందే వేగం తగ్గించొచ్చు. కంటబడ్డాక బ్రేకు కొట్టడం చాలాసార్లు ఆలస్యమే అవుతుంది, ఎందుకో కింద లెక్కతో చెప్తాం.

డాంబరు ఎందుకు లేస్తుంది

పైన కనిపించే నల్లటి పొర నీళ్లు దిగకుండా కాపాడే కప్పు. బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది దాని కింది కంకర, ఆ కంకర కింది మట్టి. కప్పు మీద సన్నటి పగులు వచ్చి నీళ్లు దిగితే కథ మొదలైనట్టే. లారీ టైరు ఎక్కిన ప్రతిసారీ లోపలి నీళ్లు పగుళ్లలోంచి పైకి చిమ్ముతాయి, వాటితోపాటు సన్నమట్టి బయటికి వచ్చేస్తుంది. కంకర కింద బోలు పడుతుంది, ఒకరోజు పైపొర కూలుతుంది. వాన వెలిసిన మర్నాడు పగుళ్ల పక్కన మట్టిరంగు మరకలు కనబడితే అక్కడ లోపల ఖాళీ అవుతోందని అర్థం. ఇంకో రెండు మూడు వానలకు అక్కడ గుంత తేలుతుంది.

నల్లరేగడి ఉన్నచోట ఇంకో బాధ ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. అందుకే రేగడి పొలాల నడుమ వెళ్లే రోడ్లకు అంచుల వెంబడి పొడుగ్గా పగుళ్లు వస్తాయి. దీనికి ఓవర్‌లోడ్ తోడవుతుంది. ఇరుసు మీద బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు తగిలే దెబ్బ 20 శాతం కాదు, దాదాపు రెట్టింపు. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు, గోదావరి రీచ్‌ల నుంచి వచ్చే ఇసుక లారీలు, సింగరేణి బొగ్గు టిప్పర్లు తిరిగే దారుల్లో చక్రాల జాడలు రెండు కాలువల్లా దిగిపోవడానికి కారణం ఇదే.

ఎక్కడెక్కడ అనుమానపడాలి

కల్వర్టుకు, వంతెనకు అటూ ఇటూ ఉన్న పదేసి మీటర్లు మొదటి అనుమానం. వంతెన దిగదు, దాని పక్కన పోసిన మట్టి దిగుతుంది. ఆ తేడా వల్ల మెట్టు పడి, మెట్టు దగ్గర గుంత వస్తుంది.

తర్వాత, రోడ్డుకు అడ్డంగా పైపు వేయడానికి తవ్వి పూడ్చిన చోట్లు. ఊరు మొదట్లో, ఇళ్లు మొదలయ్యేచోట ఇవి ఎక్కువ. మట్టిని ఒక్కసారే నింపి పైన సిమెంటు పూసేస్తే మొదటి వానకే జానెడు దిగుతుంది. గుంత గుండ్రంగా ఉండదు, అడ్డంగా గీతలా ఉంటుంది కాబట్టి తప్పించుకుని పక్కనుంచి పోయే వీలుండదు. వేగం తగ్గించడం ఒక్కటే దారి.

స్పీడ్ బ్రేకర్‌కు రెండు వైపులా చూడాలి. ముందువైపు లారీలన్నీ బ్రేకు కొట్టేచోట డాంబరు అలల్లా ముడతలు పడుతుంది. నీళ్లు అడ్డుపడి నిలిచే వైపు గుంత పడుతుంది. బ్రేకర్ దిగగానే గేరు మార్చి లాగే అలవాటు ఉన్నవాళ్లు సరిగ్గా ఆ గుంతలోనే పడతారు. చెరువు కట్ట కింద, మత్తడి దగ్గర, పొలాల నీళ్లు రోడ్డు అంచును తాకేచోట కూడా ఇంతే. నాట్ల కాలంలో కేజ్ వీల్స్ (బురద దున్నడానికి వేసే ఇనుప చక్రాలు) తీయకుండా ట్రాక్టర్‌ను రోడ్డెక్కిస్తే డాంబరు మీద వరసగా కోతలు పడతాయి. ఆ కోతల్లోంచే నీళ్లు దిగుతాయి. ఒక్క ట్రిప్పే కదా అని ఎక్కించేవాళ్లకు చెప్పాల్సింది ఇదే.

మూలమలుపుల్లో గుంత కన్నా దాన్నుంచి లేచిన కంకర ప్రమాదం. టైర్లు విసిరిన చిప్స్ మలుపు బయటి అంచుకు చేరతాయి. బైకు ఒరిగి ఉన్నప్పుడు వాటి మీద ముందు చక్రం పడితే పట్టు పోతుంది. మలుపులోకి దిగకముందే వేగం తగ్గించి, చక్రాల జాడ ఉన్న శుభ్రమైన వరుసలో తిరగాలి. మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టొద్దు.

వేగం లెక్క

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గుంతను చూసి బ్రేకు మీద చేయి పడేలోపు ఆ 17 మీటర్లు అయిపోతాయి. తడి డాంబరు మీద ఆగడానికి ఇంకో 35 మీటర్లు పడుతుంది. మొత్తం 52, అంటే ఊరి బయట రెండు కరెంటు స్తంభాల మధ్య ఉండేంత దూరం. అదే 40లో అయితే మొత్తం 27 మీటర్లు చాలు. మామూలు బైకు లైటు డిమ్‌లో స్పష్టంగా చూపించేది 30, 40 మీటర్లే. కాబట్టి రాత్రి, వానలో, తెలియని రోడ్డు మీద 40 దాటితే కనబడే దూరంలో ఆగలేరు. టైరు అరిగితే, కంకర తేలితే ఆ 27 కూడా పెరుగుతుంది.

గుంత తప్పనప్పుడు ఏం చేయాలి

ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి: బ్రేకు గుంతకు ముందు, గుంతలో కాదు. బ్రేకు పట్టగానే బండి ముక్కు కిందికి వంగుతుంది, ముందు షాకప్‌లు సగానికి పైగా కుదించుకుపోతాయి. అదే స్థితిలో గుంత అంచు తగిలితే దెబ్బ మింగడానికి షాకప్‌లో చోటు ఉండదు. మొత్తం రిమ్‌కు, హ్యాండిల్‌కు, చేతులకు వస్తుంది. ఆగిపోయిన చక్రం అంచు ఎక్కలేదు, తిరుగుతున్న చక్రం ఎక్కుతుంది.

బైకు మీద వరుస ఇది. దూరం నుంచే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించండి, సెకండ్ గేరులోకి రండి. గుంత అంచుకు ఒక బండి పొడవు దూరంలో బ్రేకు వదిలేయండి. సీటు మీంచి కొద్దిగా లేచి బరువు కాళ్ల మీదికి, ఫుట్‌రెస్ట్‌ల మీదికి తెండి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి. హ్యాండిల్‌ను బిగబట్టకండి, మోచేతులు వదులుగా ఉండాలి. చక్రం నిటారుగా దిగి నిటారుగా ఎక్కాలి. బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇస్తే ముందు చక్రం తేలికవుతుంది.

చివరి క్షణంలో పక్కకు కోయడం గుంత కన్నా ప్రమాదం. వెనకొచ్చే లారీ డ్రైవర్‌కు మీరు తిరుగుతారని తెలియదు. తప్పించాలంటే 30 మీటర్ల ముందే అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, మెల్లగా వరుస మారాలి. అంత సమయం లేకపోతే నేరుగా దిగండి. రిమ్ వంగితే సరిచేయించుకోవచ్చు.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. నడిపే మనిషికి హ్యాండిల్ ఉంది, గుంత కనబడుతుంది. వెనక ఒకవైపు కాళ్లు వేసి, చంకలో పాపనో ఒళ్లో సంచినో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఈ రెండూ లేవు. వెనక చక్రం ఎగిరినప్పుడు సీటు చివర ఉన్నవాళ్లే ఎక్కువ ఎగురుతారు. వీలైతే రెండువైపులా కాళ్లు వేసి కూర్చోబెట్టండి. కాకపోతే సీటు ముందుకు జరిగి, ఒక చెయ్యి గ్రాబ్‌రెయిల్ మీద ఉంచమనండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి. గుంతకు ముందు 'పట్టుకో' అని నోటితో చెప్పండి. వెనక మనిషికీ ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్ ఉండాలి, బెల్టు గదవ కింద బిగించి ఉండాలి.

కారులో అయితే గుంత చిన్నదై, లోతు తక్కువైతే రెండు చక్రాల నడుమకు తీసుకోవచ్చు. నీళ్లు నిండి లోతు తెలియకపోతే అలా చేయకండి. నడుమ ఉన్న రాయి ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్‌కు తగులుతుంది. ఆటోవాళ్లు మాత్రం ఈ పని అసలు చేయలేరు, ఎందుకంటే ముందు చక్రం సరిగ్గా నడుమే ఉంటుంది. ఆటోకు మూడు చక్రాలకు మూడు దారులు. ముందు చక్రాన్ని గట్టి రోడ్డు మీద ఉంచి, తప్పదనుకుంటే ఒక వెనక చక్రాన్ని నడిచే వేగంతో దింపాలి. కూలీలను నిండా ఎక్కించిన ఆటోకు వెనక చక్రం ఒకటి ఒక్కసారిగా దిగితే బరువంతా ఆ వైపు ఒరిగి పల్టీ కొడుతుంది. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఇది గుర్తుండాలి.

నీళ్లు నిండిన గుంత లోతు తెలుసుకోవడానికి ముందు పోయే బండి వెనక చక్రాన్ని చూడండి. అది ఎంత దిగిందో మీదీ అంతే దిగుతుంది. దానికి రెండు మూడు సెకన్ల ఎడం ఉంటేనే ఇది పనికొస్తుంది. లారీ వెనకాలే అంటుకుని పోతే దాని కింది నుంచి గుంత ఒక్కసారిగా మీ ముందుకొస్తుంది.

రోడ్డు అంచు దిగితే

ఊళ్లకు వెళ్లే సింగిల్ రోడ్డు సాధారణంగా 3.75 మీటర్ల వెడల్పు. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు. ఎదురుగా బస్సు వస్తే మీ బండి ఒకవైపు చక్రాలు మట్టిలోకి దిగాల్సిందే. సైడ్ బర్మ్ (డాంబరు పక్కనుండే మట్టి అంచు) కొట్టుకుపోయి డాంబరు అంచు బెత్తెడు ఎత్తున కత్తిలా నిలబడ్డచోట జరిగే ప్రమాదం ఒకే రకంగా ఉంటుంది. దిగడంలో ఏమీ కాదు, మళ్లీ ఎక్కేటప్పుడు అవుతుంది. చక్రం అంచును రాసుకుంటూ ఎక్కదు. ఎక్కడం లేదని స్టీరింగ్ ఇంకా తిప్పుతారు. ఒక్కసారిగా ఎక్కినప్పుడు తిప్పిన స్టీరింగ్ అంతా ఒకేసారి పనిచేసి బండి ఎదుటి వరుసలోకి దూకుతుంది. బైకైతే చక్రం అంచు వెంబడి జారి పక్కకు పడుతుంది.

దిగినప్పుడు స్టీరింగ్ నిటారుగా ఉంచి, యాక్సిలరేటర్ వదిలి, 20కి తగ్గేదాకా మట్టిలోనే పోనివ్వండి. వెనకా ముందూ చూసుకుని అంచు తక్కువ ఉన్నచోట ఎక్కండి. కారును కొద్ది మలుపుతో మెల్లగా ఎక్కించొచ్చు. బైకును మాత్రం అంచుకు వీలైనంత అడ్డంగా, కనీసం సగం అడ్డంగా తిప్పి ఎక్కించాలి. వానలో నల్లమట్టి బర్మ్ మీదికి అసలు దిగకపోవడం మేలు. ఎదుటి బండికి దారివ్వాల్సి వస్తే గట్టి నేల ఉన్నచోట ముందే ఆగండి.

వడ్లు, వాగులు

వానకాలం పంట కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు ఒక పక్కంతా వడ్ల ఆరబోతే ఉంటుంది. ఆరబెట్టుకునే కల్లం లేక రైతు రోడ్డెక్కుతున్నాడు, అది వేరే చర్చ. నడిపేవాళ్లకు తెలియాల్సింది ఏంటంటే, పలచగా చెదిరిన వడ్ల మీద టైరు గోలీల మీద పడ్డట్టే. వాటి మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు. రాత్రి ఇంకా ప్రమాదం: కుప్ప మీద నల్ల టార్పాలిన్, చుట్టూ రాళ్లు. లైటు వెలుగును నల్ల కవరు తిరిగి పంపదు. ఆ రోజుల్లో రాత్రి ప్రయాణం తప్పకపోతే 40 లోపే. ఆరబోసేవాళ్లు రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టి, కుప్ప రెండు చివర్లా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్టిన కర్ర పాతిన సంచి నిలబెడితే ఖర్చు పెద్దగా ఏమీ కాదు.

లోలెవల్ వంతెన మీంచి వాగు పారుతుంటే దాటకూడదు. అరడుగు నీళ్లు వేగంగా పారినా మనిషి కాలు నిలవదు. అడుగు నీళ్లు చిన్న కారును కదిలిస్తాయి, రెండడుగుల్లో చాలా బండ్లు కొట్టుకుపోతాయి. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ తెల్లవారుజామునే మోరంచ వాగు పరకాల–భూపాలపల్లి దారిలోని మోరంచపల్లిని ముంచెత్తింది. వాగు ఎంత త్వరగా లేస్తుందో చెప్పడానికి ఇది చాలు. నీళ్లు తగ్గాక ఇంకో మోసం ఉంటుంది. పైన స్లాబు బాగానే కనబడుతుంది, కింద మట్టి కొట్టుకుపోయి బోలుగా ఉంటుంది. మొదటి బండిగా ఎక్కకండి. దిగి నడిచి, రెండు పక్కలా కింద మట్టి ఉందో లేదో చూడండి. అంచుకు పగులు ఉన్నా, స్లాబు ఒరిగినా వెనక్కి తిరగండి.

నిలిచిన నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో ఎక్కువగా ఇదే తప్పు చేస్తారు. సిలిండర్లోకి పోయిన నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి మెకానిక్‌తో ప్లగ్ విప్పించి, ఇంజిన్ ఆయిల్ పాలరంగులోకి మారిందేమో చూపించండి. నీళ్లలోంచి బయటపడ్డ బండి బ్రేకులు మొదట్లో పట్టవు. వంద మీటర్లు మెల్లగా పోతూ బ్రేకును తేలిగ్గా నొక్కి ఆరబెట్టాలి.

బండి తయారీ

అన్నిటికన్నా ముందు గాలి. చాలా 100 సీసీ బైకులకు ముందు 25, వెనక ఒక్కరే ఉంటే 28, ఇద్దరుంటే 40 పాయింట్ల దాకా ఉండాలి. మీ బండికి ఎంతో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. గుంతల్లో మెత్తగా ఉంటుందని గాలి తగ్గించడం పెద్ద పొరపాటు. గాలి తక్కువైతే గుంత అంచుకు, రిమ్‌కు మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. పంచర్ షాపులో ఆ రెండు చీలికలు కనబడితే మేకు కోసం వెతకాల్సిన పని లేదు, అది గాలి తక్కువైన పంచరే.

కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. గాళ్ల లోపల ఉన్న చిన్న దిమ్మ టైరు పైభాగంతో సమానమైందంటే అంతవరకు వచ్చినట్టే. వానకాలంలోకి 3 మిల్లీమీటర్లతో దిగితే మంచిది. ట్రాక్టర్ ట్రాలీకి వెనక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు లేకుండా సాయంత్రం రోడ్డెక్కించొద్దు.

గట్టి దెబ్బ తగిలాక

బైకును సెంటర్ స్టాండ్ వేసి, వెనకవైపు ఒకరిని నొక్కమని ముందు చక్రం పైకి లేచాక తిప్పండి, ఫోర్క్ దగ్గర ఒక చాక్‌పీసు రిమ్‌కు తగలీ తగలనట్టు పట్టుకోండి. ఒకేచోట గీత పడితే రిమ్ వంగింది. షాకప్ గొట్టం మీద నూనె వలయం ఉంటే ఆయిల్ సీల్ పోయింది. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పినప్పుడు సరిగ్గా నడుమ 'టక్'మని ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) దెబ్బతింది. అలాంటి బండి వేగంలో ఊగుతుంది, వాయిదా వేయకండి.

కారుకు మొదట కింద చూడండి. చాంబర్ నుంచి ఆయిల్ చుక్కలు పడుతుంటే ఇంజిన్ ఆపేసి టోయింగ్‌కు పిలవండి. ఆయిల్ కారుతున్నా నడిపి ఇంజిన్ పట్టేసిందంటే ఆ నష్టాన్ని మామూలు ఇన్సూరెన్స్ పాలసీ భరించదు. టైరు పక్కన బుడిప లేస్తే లోపలి దారాలు తెగినట్టు. దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చాల్సిందే. స్టీరింగ్ ఒక పక్కకు లాగితే అలైన్‌మెంట్. గుంతలో 'గడగడ', బాగున్న రోడ్డు మీద నిశ్శబ్దం అయితే లింక్ రాడ్ లేదా బాల్ జాయింట్. ఈ రోడ్ల మీద 5,000 కిలోమీటర్లకు ఒకసారి అలైన్‌మెంట్ చూపించడం దుబారా కాదు.

గుంత దగ్గర గుర్తు, తాత్కాలికంగా పూడ్చడం

రాళ్లు పెట్టొద్దు. లారీ చెడిపోతే టైర్ల కింద రాళ్లు పెట్టి, బాగయ్యాక అక్కడే వదిలేసి పోవడం మనకు అలవాటు. ఆ రాళ్లే రాత్రికి ఇంకో బండిని పడేస్తాయి. చెట్టుకొమ్మ నయం, దానికి తెల్ల సంచి కట్టితే ఇంకా నయం.

ఊళ్లో యువకులు మొరం పోసి పూడుస్తుంటారు. మంచి పనే, కానీ నీళ్లు నిండిన గుంతలో మట్టి పోస్తే ఒక్కరోజులో బురదై బైకులు జారుతాయి. ముందు నీళ్లు తోడి, బురద, ఊడిన చిప్స్ ఊడ్చేయాలి. అడుగున 40 ఎంఎం కంకర, పైన క్రషర్ డస్ట్ కలిపిన మొరం. బెత్తెడు మందం వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టి, మళ్లీ బెత్తెడు వేయాలి. పైభాగం రోడ్డు కన్నా అంగుళం ఎత్తు ఉంచితే తొక్కిడికి సమానమవుతుంది. ఇటుక ముక్కలు, ఇల్లు కూల్చిన చెత్త వద్దు, అందులో మేకులుంటాయి. హైవేల మీద ఈ పని మీరు చేయకండి, నిలబడ్డ మనిషికే ప్రమాదం.

ఫిర్యాదు ఎవరికి, ఎలా

రోడ్డు ఎవరిదో కిలోమీటరు రాయి చెప్తుంది. తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే కేంద్ర గ్రామీణ సడక్ పథకం రోడ్డు. హైదరాబాద్–వరంగల్–ములుగు దారి జాతీయ రహదారి 163, జగిత్యాల–కరీంనగర్–వరంగల్–ఖమ్మం దారి 563. జాతీయ రహదారికి 1033కు ఫోన్ చేయాలి. రాష్ట్ర, జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీవి, ఊరి రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌వి, నగరం లోపలివి ఎక్కువ భాగం గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌వి. తప్పు ఆఫీసుకు ఇచ్చిన కాగితం అక్కడే పడి ఉంటుంది.

కాగితంలో ఉండాల్సినవి ఇంతే: రోడ్డు పేరు, కిలోమీటరు రాయి నంబరు, దాన్నుంచి ఎన్ని మీటర్లు, ఏ వైపు, గుంత పొడవు వెడల్పు లోతు. లోతు కొలవడానికి గుంతకు అడ్డంగా ఒక కర్ర పెట్టి, కర్ర నుంచి అడుగుకు టేపు వేసి ఫొటో తీయండి. ఒక ఫొటో దగ్గరగా, ఇంకోటి చుట్టుపక్కల గుర్తులు కనబడేలా. తేదీ, లొకేషన్ ఫొటో మీదే పడాలి. 'రోడ్డు అధ్వానంగా ఉంది' అని రాస్తే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కు) ఎక్కడికి రావాలో తెలియదు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

రోడ్డు ఈమధ్యే వేసిందైతే, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాధ్యుడయ్యే కాలం) ఉందో లేదో అడగండి. గ్రామీణ సడక్ పథకం రోడ్లకు అది 5 ఏళ్లు. గడువులో ఉంటే మరమ్మతు కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో చేయాలి. నిధులు లేవన్న జవాబు అక్కడ చెల్లదు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తులో మూడే అడగండి: పని పూర్తయిన తేదీ, లయబిలిటీ గడువు ముగిసే తేదీ, ఎంబీ రికార్డు (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) నకలు. జవాబుకు గడువు 30 రోజులు.

ప్రమాదం జరిగి ప్రాణం పోయినా, వైకల్యం వచ్చినా మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ఉంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడమే కారణమైతే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఆ డబ్బు బాధితుడికి రాదు, ప్రమాదాల నిధికి పోతుంది. అయినా ఫిర్యాదులో గుంత సంగతి రాయించడం అవసరం. 'అతివేగం, అజాగ్రత్త' అని ఒక్క ముక్కతో కాగితం మూసేస్తే తర్వాత ఏ కోర్టులోనూ రోడ్డు గురించి మాట్లాడే ఆధారం మిగలదు. 108కి ఫోన్ చేసి మనిషిని పంపించాక, ఎవరైనా ఒకరు అక్కడే ఉండి గుంతను కొలిచి ఫొటో తీయాలి. మర్నాటికి దాన్ని పూడ్చేసే అవకాశమే ఎక్కువ.